నీళ్ళు భూమికా, బోరుకా?

వేసవి వచ్చిందంటే మా సంఘం కార్యాలయానికి వచ్చేవాళ్ళలో సగం మంది నీళ్ళ తగాదాలతోనే వస్తారు. మొన్న కోలారు జిల్లా పల్లె నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. తండ్రి పోయాక మూడెకరాలు చెరి సగం పంచుకున్నారు. బోరు అన్న భాగంలో పడింది. తండ్రి ఉన్నన్నాళ్ళూ నీళ్ళు వంతుల ప్రకారం పారేవి. ఆ వంతుల సంగతి భాగ పత్రంలో ఎవరూ రాయలేదు. తమ్ముడు సొంత బోరుకు అర్జీ పెడితే, ఈ తాలూకాలో కొత్త బోర్లకు అనుమతి లేదని వెనక్కి పంపారు. "నీళ్ళు ఇవ్వనని నేను అనలేదు సార్, నాకే చాలటం లేదు" అంటాడు అన్న. "అయితే నీళ్ళు భూమికా, బోరుకా? మీరే చెప్పండి సార్" అంటాడు తమ్ముడు.

ఇది ఆ ఇద్దరి తగాదా మాత్రమే కాదు, చట్టంలోనే ఉన్న చిక్కు. మేము ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఫైళ్ళ మధ్య బతికినవాళ్ళం కాబట్టి కాగితం ఏం చెబుతుందో ముందు చూద్దాం.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, నిర్ణీత మార్గంలో పారని భూగర్భజలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానికి ఉంది. చేతి బావుల కాలంలో దీనివల్ల పెద్ద ఇబ్బంది రాలేదు. కపిల తోలి ఎంత నీరు తోడగలరు? వెయ్యి అడుగులు దాటిన బోర్లు, కరెంటు మోటార్లు వచ్చాక అదే హక్కు పక్క చేనివాడి నీటిని కూడా లాగేసే హక్కు అయిపోయింది.

దీనికి కళ్ళెం వేయడానికే కర్ణాటక 2011లో భూగర్భజల నియంత్రణ చట్టం చేసింది. నోటిఫై చేసిన ప్రాంతంలో పాత బోర్లను రిజిస్టరు చేయించాలి, కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఏటా తోడుకోదగ్గ నీటికన్నా ఎక్కువ తోడితే ఆ తాలూకాను కేంద్ర భూగర్భజల మండలి 'అతి వినియోగం' కింద లెక్క కడుతుంది. కోలారు జిల్లా తాలూకాలన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లా అది.

చట్టం అక్కర్లేదని మేము అనడం లేదు. అందరూ బోర్లు వేస్తే ఎవరికీ నీరు మిగలదు. అప్పు చేసి వేసిన బోరులో దుమ్ము లేచిన ఇళ్ళు మన బంధువర్గంలోనే ఎన్నో ఉన్నాయి. మా అభ్యంతరం ఒక్కటే. ఈ చట్టం బోర్లను లెక్కపెడుతుంది గానీ నీటిని పంచదు. ముందు బోరు వేసినవాడు రిజిస్టరు చేయించుకుని తోడుకుంటూనే ఉంటాడు. పది హార్స్‌పవర్ వరకు పంపుసెట్లకు 2008 నుంచి కరెంటు ఉచితం కాబట్టి తగ్గించి తోడాలన్న అవసరమూ అతనికి కనిపించదు. నియంత్రణ బరువంతా బోరు లేనివాడి మీద పడుతుంది. బోరు లేనివాడు అంటే ఎక్కువగా భాగాలు పంచుకున్నాక ఎకరా అరెకరా మిగిలిన చిన్న రైతే.

2018 నుంచి కోరమంగళ-చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీరు కోలారు చెరువులకు వస్తోంది. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. రెండో దశ శుద్ధి చాలదన్న వాదన కోర్టుల దాకా వెళ్ళింది. దాన్ని అలా ఉంచితే, చెరువులోంచి నేరుగా తోడకూడదు, భూమిలోకి ఇంకాలి అన్నది షరతు. నీరు ఇంకి ఎండిన బోర్లు మళ్ళీ పలికినచోట సంతోషమే. కానీ ప్రభుత్వ ఖర్చుతో వచ్చిన ఆ నీరు చివరికి చేరేది కూడా బోరు ఉన్నవాడి చేనికే.

ఇదే కోలారు చెరువుల కింద ఒకప్పుడు నీరుగంటి ఉండేవాడు. చెరువు నిండని ఏడు, తూము దగ్గరున్న కొంత నేలలోనే పంట పెట్టి ఆయకట్టుదారులు భాగాలు వేసుకునే ఆచారం ఉండేది. అది ధర్మరాజ్యమేమీ కాదు. ఆయకట్టులో భూమి లేనివాడికి వాటా లేదు, నీరు కట్టే పని ఎక్కువగా దళితులదే. అయినా కరువును కొందరి నెత్తిన వేయకుండా పంచుకోవాలన్న న్యాయం అందులో ఉంది. నేటి చట్టంలో లేనిది అదే.

మిగతా రాష్ట్రాల్లోని మన పాఠకులకూ ఇది పట్టే విషయమే. తమిళనాడు 2003లో చేసిన చట్టాన్ని అమలు చేయకుండానే 2013లో రద్దు చేసింది. మహారాష్ట్రకు 2009 చట్టం ఉంది. యానాంకు పుదుచ్చేరి 2002 చట్టం వర్తిస్తుంది.

దారి లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు సహా ఏడు జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, ఉన్న నీటిని బట్టి ఏ పంట వేయాలో ఊళ్ళోనే లెక్క వేసుకున్నారు. నిషేధాలు లేకుండా, చూపు తెరిపించే లెక్కతో నడిచిన పని అది. కేంద్రం 2019లో ప్రారంభించిన అటల్ భూజల్ యోజన కూడా పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్ వేయాలనే చెప్పింది. కర్ణాటక, మహారాష్ట్ర అందులో ఉన్నాయి. మీ గ్రామసభలో ఆ లెక్క అడగండి. బోరు లేనివాళ్ళ పేర్లు కూడా అందులో రాయించండి.

ఇంటి వరకు మేము చెప్పేవి మూడు మాటలు. భాగ పత్రంలో నీటి వంతులు, మోటారు ఖర్చు స్పష్టంగా రాసి రిజిస్టరు చేయించండి. పహణీ ఇంకా తాతగారి పేరునే ఉంటే ఈ ఏడే మార్పించుకోండి. కన్నడంలో అర్జీ రాయడం రాకపోతే సంఘానికి రండి, మేము రాసిస్తాం. విఫలమైన బోరును తప్పక మూసేయండి. పిల్లల ప్రాణాలు పోతున్నాయనే 2024 సవరణలో దానికి జైలు శిక్ష కూడా పెట్టారు.

ఆ అన్నదమ్ములతో ఆ రోజు ఒక ఒప్పందం రాయించాం. నీళ్ళు రోజు విడిచి రోజు. మోటారు మరమ్మతు చెరి సగం. ఇద్దరూ చెరకు, వరి జోలికి పోకూడదు. సంతకాలు చేశారు గానీ ఒకే బస్సులో వెళ్ళలేదు. ఈ ఒప్పందం వచ్చే వేసవి దాకా నిలిస్తే చాలని మా కోరిక.