వినుటకు కొన్న వస్తువునకు నోరేల?

గడచిన వేసవిలో నొకనాటి రాత్రి, ఇంటివారందరును నిద్రించిన పిదప, తీగలేని హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకొని కంప్యూటరులో ఈమని శంకరశాస్త్రి గారి వీణ వినుచుంటిని. ఆలాపన మంద్రస్థాయి నుండి మెల్లమెల్లగా మీదికి జరుగుచు, ఒక్కొక్క గమకము కొసను తంతి కంపము సన్నగిల్లి నిశ్శబ్దములో లీనమగుచున్న వేళ, అమెరికాలో నున్న మిత్రుడొకడు వీడియో కాల్‌లో పిలువగా, వీణ నాపుటకు మనసొప్పక, ఆ పిలుపునకు బదులుగా మీట నొక్కితిని. నొక్కిన క్షణమే వీణ వీణ కాకపోయినది. పూర్వము ట్రంకు కాల్‌లో దూరదేశపు బంధువుల గొంతు వినవచ్చిన చందమున, రేకుడబ్బాలో చిక్కిన తుమ్మెద వలె నేదో రొదచేయసాగినది. నాలుగువేలు పోసి కొన్న వస్తువు నాలుగు నెలలకే చెడిపోయినదని నిశ్చయించుకొని, మరునాడు మా మేనల్లునితో మొరపెట్టుకొంటిని. వాడు నవ్వి, "పాడవలేదు మామయ్యా, దాని మైకు తెరుచుకుంది, అంతే" అనినాడు.

ఆ "అంతే" వెనుక నున్న కథ చిన్నది కాదు. బ్లూటూత్ అని మనము పిలుచుకొను నీ సంబంధము 1994 ప్రాంతమున స్వీడను దేశమందలి ఎరిక్సన్ సంస్థలో నంకురించి, 1998లో ఐబిఎం, ఇంటెల్, నోకియా, తోషిబా సంస్థలు తోడుకాగా లోకమున వ్యాపించినది. పదవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హెరాల్డ్ రాజునకు 'నీలిదంతము' అను బిరుదముండెడిది. ఆ బిరుదమే దీనికి పేరైనది. విడివిడిగా నున్న జనులను ఆయన ఏకము చేసెనని ప్రతీతి గాని, ఆయన పేరు పెట్టుకొన్న ఈ విద్య మాత్రము వినుటను, పలుకుటను ఒక్కచోట చక్కగా కూర్పలేకపోవుట విధివిలాసము గాక మరేమి?

కంప్యూటరునకును హెడ్‌ఫోన్లకును నడుమ రెండు వేర్వేరు ఒడంబడికలు కలవు. మొదటిది సంగీతమునకై యేర్పడినది. అందు ధ్వని ఒకే దిక్కున, కంప్యూటరు నుండి చెవికి ప్రవహించును. సాధారణమైన పద్ధతిలో సెకనునకు సుమారు 328 కిలోబిట్ల చొప్పున, కుడియెడమల భేదముతో, నిండుగా సాగివచ్చును. దారిలో నొక యిసుమంత ఆలస్యమైనను బాధలేదు. పాట రెప్పపాటు వెనుకగా వచ్చినదని శ్రోతకు తెలియనే తెలియదు. రెండవ ఒడంబడిక టెలిఫోను వంశమునకు చెందినది. సంభాషణలో నాలస్యము సహింపరానిది గనుక, పోవు మాటకును వచ్చు మాటకును సమయమును ముందుగనే భాగించి, ఒక్కొక్క దిక్కునకు 64 కిలోబిట్లు మాత్రమే కేటాయించిరి. ఈ 64 అను సంఖ్యయు పాత డిజిటల్ టెలిఫోను వారి కొలతయే. మైకు తెరువగానే హెడ్‌ఫోన్లు మొదటి ఒడంబడికను విడిచి రెండవదానిలోనికి దూకును. ఆ దూకుట వలన మనకు చేరు ధ్వనిసంపద యైదవవంతునకు తగ్గిపోవును. కుడియెడమలు రెండును ఒక్కటైపోవును.

తగ్గునది పరిమాణమే యైన నంత చింతలేకపోవును. ఆ టెలిఫోను ఒడంబడికలోని పాత పద్ధతిలో ధ్వనిని సెకనునకు 8,000 సార్లు మాత్రమే కొలుతురు. ఎన్నిసార్లు కొలిచిన, అందు సగము కంపనముల వరకే ధ్వని దక్కుననుట శాస్త్రము. కావున 4,000 కంపనములకు పైనున్నదంతయు నశించును. 2011లో వచ్చిన సవరణ యీ హద్దును 8,000 వరకు పెంచినది. యౌవనమున మనుష్యుని చెవి 20,000 కంపనముల వరకు వినగలదు! మనిషి మాట నర్థము చేసికొనుటకు 4,000 చాలును. బియ్యము ధర యెంతయని అడుగుటకు నిక్షేపముగా చాలును. వీణకు చాలదు. వ్రేలిగోరు తంతిని తాకునప్పటి ఆ సన్నని చురుకు, తంబురాలో తంతిక్రింద నుంచెడు నూలుపోగు పుట్టించు జీవకళ, మృదంగపు కుడిమూతపై వ్రేలు మీటిన మోత, వీటి మెరుపులో కొంత ఆ హద్దునకు పైననే యుండును. నా వీణ రేకుడబ్బా యగుటకు ఇది కారణము.

ఇక్కడ మనలో ననేకులు పడెడు భ్రాంతి యొకటి కలదు. సమావేశములో 'మ్యూట్' నొక్కితిమి గదా, మైకు మూసినట్లే గదా యని తలతుము. మ్యూట్ అనగా మన మాటను ఎదుటివారికి చేరనీయకుండుట. మైకు మాత్రము తెరిచియే యుండును, హెడ్‌ఫోన్లు టెలిఫోను ఒడంబడికలోనే బంధింపబడి యుండును. 2022లో అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ప్రచారములో నున్న కొన్ని వీడియో సమావేశపు యాప్‌లను పరీక్షించి, మ్యూట్ నొక్కిన పిమ్మట కూడ అవి మైకు నుండి ధ్వనిని అప్పుడప్పుడు గ్రహించుచునే యున్నవని వెల్లడించిరి. పాట చెడుట నాకు చిన్న బాధ. ఇంటిలోని మాట యెవరి చెవిని బడుచున్నదో తెలియకపోవుట, పాట వినని వారికి కూడ చెందిన బాధ.

నివారణ సులభమే, తెలిసినవారికి. విండోస్ 11 గల కంప్యూటరులో సెట్టింగ్స్ తెరచి, సౌండ్ అను భాగములో ఇన్‌పుట్ వరుసలో హెడ్‌ఫోన్ల పేరు పట్టుకొని, దానిని ధ్వనిగ్రహణమునకు వాడుకొననీయవద్దని ఆజ్ఞాపింపవచ్చును. విండోస్ 10లో హెడ్‌ఫోన్ల ప్రాపర్టీస్‌లోని సర్వీసెస్ పట్టికలో 'హ్యాండ్స్ ఫ్రీ టెలిఫొనీ' ఎదుట నున్న గుర్తు తీసివేసిన చాలును. యాపిల్ వారి కంప్యూటరులో ఇన్‌పుట్‌గా కంప్యూటరు సొంత మైకునే యెంచుకొనవలెను. పిదప మీరు మాటాడునది కంప్యూటరు మైకులో, వినునది హెడ్‌ఫోన్లలో. ఫోనుతో నవే హెడ్‌ఫోన్లు ఎప్పటివలె మాటాడుచునే యుండును; వాటి నోరు కంప్యూటరు యెడల మాత్రమే మూతపడినది.

నేను వాదింపదలచినదేమనగా, ఈ నాలుగు మీటలను వెదకు భారము కొన్నవానిపై నేల పడవలెను? ల్యాప్‌టాప్‌కు తన మైకు తనకున్నది. హెడ్‌ఫోన్లు జతపడగానే ఆ మైకును త్రోసిరాజని, అడుగక, చెప్పక, చెవిలోని మైకునే యేరుకొనుట ఏమి మర్యాద? "ఈ మైకు తెరచిన యెడల వినికిడి తగ్గును, తెరువుమందువా?" అని తెరపై నొక్క వాక్యము వ్రాయుటకు ఆ మహాసంస్థలకు కాగితమునకు కరవా? పెట్టెపై వినికిడి గొప్పతనమును బంగారుపూత యక్షరములతో చాటుకొనువారు, మైకు తెరచిన క్షణమున నది టెలిఫోను స్థాయికి దిగునని చీమతలకాయంత యక్షరములతోనైనను చెప్పరు. చెవిదొన్నెపై నొక చిన్న మీట యుంచి, దానిని జరపిన మైకు సంబంధమే తెగునట్లు చేయుట యేమంత ఘనకార్యము కాదు.

ఈ విషయము వినోదమునకు పరిమితమైన దనువారు ఒక్కమారు సంగీతోపాధ్యాయుల నడుగవలెను. నేడు విశాఖపట్టణమందో విజయవాడయందో కూర్చున్న గురువు, అమెరికాలోని తెలుగు పిల్లలకు తెల్లవారుజామున వీడియోలో స్వరపాఠము చెప్పుట సర్వసాధారణమైనది. గురువు చెవిలో తీగలేని హెడ్‌ఫోన్లుండి, వాటి మైకు తెరచి యుండెనా, ఆ పిల్లలు పాడిన గమకమునందలి సూక్ష్మము ఆయనకు సగమే వినబడును. వినబడని దోషమును దిద్దుట యెట్లు? దీనికి తోడు, ఎడతెగక మ్రోగు తంబురాశ్రుతిని పంకా రొదయని భ్రమించి, వీడియో యాప్‌లోని శబ్దనిరోధక సాధనము దానిని తుడిచివేయును. శ్రుతి మాతయని నమ్మిన సంప్రదాయమునకు ఇంతకంటె నవమానమేమున్నది? తెలిసిన యొక ఉపాధ్యాయురాలు ఈ బెడద పడలేక పాత తీగల హెడ్‌ఫోన్లకు తిరిగిపోయినారు. ఆమెది వివేకము.

ఎదుటివారి పక్షమునను కొంత న్యాయము లేకపోలేదు. ఇంటిలో కుక్కరు కూతలు, వీధిలో మైకుసెట్టు పాటలు, ప్రక్కగదిలో పిల్లల యల్లరి, వీటి నడుమ నుద్యోగము చేయువానికి నోటికి దగ్గరగా నుండు మైకు మేలే. అట్టివారు దానిని తెరచుకొనుటకు నాకేమి యభ్యంతరము? వారు కోరి తెరచుకొనవలెను. నేను కోరకయే నా చేత తెరిపింపరాదు. ఇక 2020లో ప్రకటింపబడిన క్రొత్త బ్లూటూత్ పద్ధతిలో నీ రెండు ఒడంబడికల చిక్కు తొలగు మార్గము కలదందురు. నిజమే, కాని కంప్యూటరును హెడ్‌ఫోన్లును రెండును ఆ క్రొత్త పద్ధతి నెరిగినవై యుండవలెను. నాలుగువేల వస్తువును ఇటీవలనే కొన్న నాబోటివాడు అంతదాక ఏమి చేయును?

మేనల్లుడు చెప్పినట్లు మీటలన్నియు సరిచేసికొన్న రాత్రి, అదే ఆలాపనను మొదటినుండి వింటిని. మధ్యలో వాడే పిలిచినాడు. వీణ చెక్కుచెదరలేదు. "మామయ్యా, ఎక్కడో బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది, ఆ గాలి చప్పుడేమిటి?" అన్నాడు. కంప్యూటరు మైకునకు నా గొంతుకంటె నెత్తిమీది పంకాయే దగ్గరయైనది. లేచి పంకా ఆపితిని, చెమటలు పట్టినవి. వాడు మాటాడినంతసేపును, వాని మాటల వెనుక, వీణ సాగుచునే యున్నది.