వేదిక దక్కితే చాలదు, గురువు కుర్చీ కావాలి

మన పల్లెల్లో గొంతులకి కొరత లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఏ మాలపల్లెకి, మాదిగపల్లెకి వెళ్లినా ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునే పిల్ల ఉంటుంది. నాట్లలో పాట అందుకునే అమ్మ ఉంటుంది. డప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. కొరతల్లా నేర్పేవాళ్లకే. ఏకలవ్యుడి బొటనవేలు దగ్గర్నుంచీ మనకి తెలిసిన కథే ఇది.

అందుకే అమెరికా నల్లజాతి బిడ్డ కెమిల్లా విలియమ్స్ సంగతి మనం తెలుసుకోవాలి. 1919లో వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్ ఊళ్లో పుట్టింది. తండ్రి కారు డ్రైవరు. ఎనిమిదేళ్లకే చర్చిలో పాడింది. ఆ ఊళ్లో తెల్లవాళ్ల బడిలో పాట నేర్పే మాస్టారున్నాడు. నల్లపిల్లలు ఆ బడి గడప తొక్కకూడదు. ఆయనే వేరే ఇంట్లో కొందరు నల్ల ఆడపిల్లలకి నేర్పాడు. అలా నేర్చుకున్న పిల్ల ఈమె.

ఒపేరా అంటే మన పద్యనాటకం లాంటిదే. కాకపోతే అందులో కథంతా పాటే. మైకు ఉండదు. వాద్యాల హోరు దాటి గొంతు చివరి వరసదాకా వినపడాలి. ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిది సోప్రానో. 1946 మే 15న న్యూయార్క్ సిటీ ఒపేరాలో 'మేడమ్ బటర్‌ఫ్లై' నాయికగా ఆమె పాడింది. అమెరికాలో ఒక పెద్ద ఒపేరా సంస్థ నల్లజాతి స్త్రీని ఒప్పందం రాసుకుని తీసుకోవడం అదే మొదలు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన వాషింగ్టన్ సభలో జాతీయగీతం పాడిందీ ఈమే. అదే ఏడు సొంతూళ్లో జైలుపాలైన ఉద్యమకారుల్ని విడిపించడానికి పాడి డబ్బు పోగుచేసింది.

అంతటితో ఆగితే అది ఒక మనిషి గెలుపు. 1977లో ఆమె ఇండియానా యూనివర్సిటీలో గాత్రం ప్రొఫెసరయింది. అక్కడ ఆ కుర్చీ ఎక్కిన మొదటి నల్లమనిషి ఆమే. 2012లో కన్నుమూసేలోపు అక్కడ ఇరవై ఏళ్లు నేర్పింది. ఎవర్ని బడి గడప తొక్కనివ్వలేదో ఆమె దగ్గరే తెల్లపిల్లలూ కూర్చుని నేర్చుకున్నారు.

మరి మన సంగతి? చుండూరు మనకెంత దూరం? 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగవు, ఆగస్టు 6న ఎనిమిదిమంది మనవాళ్లని చంపేదాకా పోయింది. హాల్లో కూర్చోవడానికే ప్రాణాలు పెట్టాల్సిన చోట స్టేజీ ఎక్కడం గొప్పే. కానీ సభకి పిలిచి పాడించుకుని, శాలువా కప్పి పంపిస్తే సరిపోతుందా? సంగీతం కాలేజీల్లో నేర్పే కొలువుల్లో మనవాళ్లెందరు? అడుగుదాం. అడుగుతూనే మన బడి మనం పెట్టుకుందాం.

కార్యకర్తలకి ఒక మాట. ఊరేగింపు రోజున పాడించుకోవడంతో సరిపెట్టకండి. చర్చి వరండాలోనో, అంబేడ్కర్ సంఘం గదిలోనో వారానికి రెండు సాయంత్రాలు పాట బడి నడపండి. హార్మోనియం తెలిసిన పెద్దాయన్నీ, డప్పు తాతనీ, పాటలన్నీ నోటికొచ్చిన అమ్మమ్మనీ గురువులుగా కూర్చోబెట్టండి. ఊరికే చేయించుకోకండి, ఉన్నంతలో జీతమివ్వండి. ఆడపిల్లలకి ముందు వరస ఇవ్వండి. ఏ పల్లెలో మొదలైందో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.