జీతము విడిచి ద్రాక్షతోటకు

ఈ మాసమున మాకొక సోదరి జాబు వ్రాసిరి. ఆమె భర్తకు నెలనెలా జీతము వచ్చు మంచి ఉద్యోగము కలదు. ఆయన దానిని విడిచి, విదేశమునకు బోయి, ద్రాక్షాసవము చేయు విద్య నేర్చి, అదియే వృత్తిగా బ్రతుకవలెనని కోరుచున్నారట. తాను అడ్డుచెప్పినచో ఆయన మనసు విరుగును. ఊరకున్నచో బిడ్డల గతి యేమగునో యని ఆమె భయము. మద్యపానము మంచిదా, కాదా యను చర్చ ఆమె తేలేదు; మేమును తేము. ఇది సంసారమునకు సంబంధించిన ప్రశ్న.

ఇట్టి ప్రశ్నకు ఒక యథార్థ చరిత్రము చక్కని జవాబు చెప్పగలదు. అమెరికాలో వారెన్ వినియార్స్కీ యను నాయన చికాగో విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడుగా నుండెను. అంతకు పూర్వము చదువుకొరకు ఇటలీలో నివసించినపుడు, అచ్చటివారి నిత్యభోజనములో ద్రాక్షాసవమునకు గల స్థానమును చూచి, దానిపై ఆయనకు మక్కువ కలిగెను. 1964లో ఉద్యోగము విడిచి, భార్య బార్బరాతోను బిడ్డలతోను, సుమారు 2,000 మైళ్ల దూరమున కాలిఫోర్నియాలోనున్న నాపా లోయకు తరలిపోయెను.

పోయినవాడు వెంటనే యజమాని కాలేదు. లీ స్టూవర్ట్ అను నిపుణుని చిన్న ఆసవశాలలో పనివాడుగా చేరెను. ఆ శాలలో నున్నది ఇద్దరే. కావున పెద్ద పని, చిన్న పని యను భేదము లేదు. 1966లో రాబర్ట్ మండావి క్రొత్తగా స్థాపించిన శాలలో కుదిరెను. 1970లో, ఇతరుల మూలధనము కూడ చేర్చి, సొంతతోటకు నేల కొనెను. 1973 పంటతో చేసిన ఆయన ఆసవమును 1976 మే 24వ తేదీన పారిస్ నగరమున ఫ్రెంచి పరీక్షకులు సీసాలపై పేర్లు చూడకయే రుచిచూచి, ఎఱ్ఱ ఆసవములలో ప్రథమస్థాన మిచ్చిరి. ఉద్యోగము విడిచి అప్పటికి 12 ఏండ్లు!

ఇంతకాల మేల పట్టెను? ఆ విద్య స్వభావమే యట్టిది. ద్రాక్ష ఏటికొకమారే కోతకు వచ్చును. రసములోని చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి సారాగా మార్చును. తొక్కలనుండి ఎఱుపు దిగును. పిమ్మట మాసములకొలది పీపాలలో నిలువ యుండవలెను. ఆవకాయ కలిపిననాడే దాని రుచి తేల్చలేమని మనకు తెలియనిదా? ఆవకాయ చెడినచో జాడీ పోవును. ఆసవము చెడినచో ఏడాది పోవును. పదేండ్లు శ్రమించినను ఒక తోటలో దొరకునవి పది కోతలే.

కావున సోదరీ! అడ్డుచెప్పుటయు, ఊరకుండుటయు గాక మూడవమార్గ మొకటి కలదు. అది లెక్క అడుగుట.

మొదటిది: ఉద్యోగము విడువకముందే, సెలవు పెట్టి, తగిన అనుమతులతో ఒక్క కోతకాలము పనివాడుగా గడపి రాగలరా? కాలిఫోర్నియాలోను ఫ్రాన్సులోను కోతలు సెప్టెంబరు ప్రాంతమున, ఆస్ట్రేలియాలోను న్యూజిలాండులోను మార్చి ప్రాంతమున జరుగును. ఆ కాలమున చేతిసాయము కావలసిన శాలలు పెక్కు. చలిలో గొట్టములు మోసి, తొట్లు కడిగి వచ్చిన పిమ్మటకూడ కోరిక నిలిచియున్నచో అది నిజమైన కోరిక.

రెండవది: రాబడి లేని ఏండ్లు ఎన్ని? వానికి బియ్యము, ఇంటి అద్దె, బిడ్డల చదువు ఎట్లు జరుగును? నోటిమాట చాలదు, కాగితముమీద వ్రాసి చూపవలెను. మీ నగలు ఆ లెక్కలో చేరరాదు.

మూడవది: ఆ దేశమున మీ స్థానమేమి? మీకును పని, చెలిమి, గౌరవము ఉండునా? పారిస్ విజయవార్త వచ్చినపుడు వినియార్స్కీ ఊర లేడు. దానిని ఆయనకు తెలిపినది బార్బరాయే. ఆయన 2024లో కాలధర్మము చెందెను. లోకము ఆయన పేరునే తలచుచున్నది. కాని ఆ 12 ఏండ్లును సంసారమంతయు గడపినవి.

ఈ మూడింటికిని మీ భర్త ఓపికతో జవాబు చెప్పినచో, ధైర్యముగా సాగనంపుడు. చెప్పలేకున్నచో, ఆయన కోరికను కాదనక, మరి యొక యేడు ఆగుమనుడు. ద్రాక్షతీగె మరుసటి ఏటను కాయును.