సైనికుల వెనుక, శిథిలాల ముందు

2023 ఫిబ్రవరి 6న టర్కీ, సిరియాలను భూకంపం కుదిపివేసినప్పుడు మన దేశం ‘ఆపరేషన్ దోస్త్’ పేరిట సహాయ బృందాలను పంపింది. భారత సైన్యానికి చెందిన 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ ఇస్కెందెరున్ పట్టణంలో 30 పడకల ఆసుపత్రిని నెలకొల్పింది. అందులోని 99 మంది సిబ్బంది రెండు వారాల లోపే 3,500 మందికి పైగా బాధితులకు చికిత్స చేశారు. ఒక టర్కీ మహిళ భారత సైనిక వైద్యురాలిని హత్తుకున్న ఛాయాచిత్రాన్ని పాఠకులలో చాలామంది చూసే ఉంటారు.

ఆ ఛాయాచిత్రానికి నూట పదేళ్ల పూర్వచరిత్ర ఉంది. 1912లో బాల్కన్ యుద్ధం చెలరేగినప్పుడు గాయపడిన టర్కీ సైనికుల కోసం భారత ముస్లింలు ఒక వైద్య బృందాన్ని పంపారు. దానికి నాయకుడు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివి, నిజాం ప్రభుత్వ ఉపకార వేతనంతో ఉన్నత విద్యకు బ్రిటన్ వెళ్లినవారు. కనుక ఆ కథలో హైదరాబాదుకూ ఒక వాటా ఉంది. మౌలానా ముహమ్మద్ అలీ తన ‘కామ్రేడ్’ పత్రిక ద్వారా విరాళాలకు పిలుపునిచ్చారు. ఆ డిసెంబరులో బొంబాయి రేవు నుండి బయలుదేరిన బృందంలో వైద్యులతో పాటు చదువు పక్కనపెట్టి వచ్చిన అలీగఢ్ విద్యార్థులూ ఉన్నారు. గాయాలకు కట్లు కట్టడం వారి పని. అబ్దుర్రహ్మాన్ పెషావరీ అనే విద్యార్థి అక్కడే స్థిరపడి, తర్వాతి కాలంలో అంకారా ప్రభుత్వం తరఫున కాబూల్‌లో రాయబారి అయ్యాడు. అన్సారీ మాత్రం 1913లో తిరిగివచ్చి, 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు.

అప్పుడు భారత పౌరులు టర్కీ సైనికులకు కట్లు కట్టారు. 2023లో భారత సైనికులు టర్కీ పౌరులకు కట్టారు. ఈ రెండింటినీ కలిపి చూడాలని మేము కోరుతున్నాము. ఎందుకంటే ‘సైనికులకు మీరేం చేశారు?’ అన్న ప్రశ్న మన దేశంలో అందరినీ ఒకే గొంతుతో అడగడం లేదు. ఇతరులకు అది విజ్ఞప్తి, మనకు మాత్రం విచారణ. 1965లో ఖేమ్‌కరణ్ సెక్టారులో శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి అమరుడైన అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర లభించింది. ఆ పేరును ప్రతిసారీ సాక్ష్యంగా ముందు పెట్టవలసి రావడం ఆయనకే అవమానమని మా అభిప్రాయం. విచారణకు సమాధానంగా చేసే దానం విచారణ ముగియగానే ఆగిపోతుంది. సైనికుని కుటుంబానికి కావలసినది అటువంటి దానం కాదు.

సైనికునికి తోడ్పడటమంటే అతణ్ణి ఎక్కడికి పంపుతారో అడగకపోవడం అనే వాదన కూడా వినిపిస్తోంది. దీనికి మేము అంగీకరించము. 2003లో ఇరాక్‌కు మన సేనలను పంపాలని అమెరికా కోరినప్పుడు దేశంలో తీవ్ర చర్చ జరిగింది. ఇరాక్ యుద్ధాన్ని నిరసిస్తూ పార్లమెంటు తీర్మానం చేసింది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేనిదే సేనలను పంపబోమని ఆ జూలైలో వాజ్‌పేయి ప్రభుత్వం ప్రకటించింది. ఆ చర్చ వల్ల సైన్యం పరువు తగ్గలేదు. ఎందరో జవాన్ల ప్రాణాలు దక్కాయి. అదే సైన్యం దక్షిణ లెబనాన్‌లో 1998 నుండి ఐక్యరాజ్యసమితి నీలి టోపీ ధరించి పనిచేస్తోంది. గ్రామస్థులకు వైద్యం చేస్తోంది, వారి పశువులకు సైతం చికిత్స అందిస్తోంది. (పశువైద్యం గురించి మన టీవీ చర్చలలో ఎవరూ అరవరు!) ఆ లెబనాన్ పల్లెల్లోని ముస్లిం రైతుకు భారతదేశం అంటే తన ఆవుకు మందిచ్చిన మనిషి.

ఇంటి వద్దనున్న మనం చేయగలిగినది ఏమిటి? దూరపు విషయం కంటే ముందు దగ్గరి విషయం చూద్దాం. ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతుంది. 1949 నుండి ఇది కొనసాగుతోంది. ఆ నిధి యుద్ధ వితంతువులకు, మాజీ సైనికులకు, వారి పిల్లలకు అందుతుంది. చాలా మస్జిద్ కమిటీలు దీని ఊసే ఎత్తవు. అడగనిదే ఇవ్వని అలవాటు మన వైపు, అడగడానికి రాని అలవాటు అధికారుల వైపు. జకాత్ ఎవరికి చెల్లుతుందన్న విషయంలో ఉలమాలు నిర్దేశించిన హద్దులున్నాయి. ఐచ్ఛిక సదఖాకు ఆ హద్దులు లేవు. సైనికుని వితంతువు ఏ మతస్థురాలైనా సదఖా ఇవ్వవచ్చు. డబ్బు కంటే అరుదైనది సమయం. పింఛను కాగితాలు పట్టుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తిరిగే తల్లికి తోడుగా వెళ్లే చదువుకున్న యువకుడు ఒకడు ప్రతి మస్జిద్‌కూ దొరకడా?

విదేశీ పునర్నిర్మాణం విషయంలో జాగ్రత్త మరింత అవసరం. ధార్మిక ట్రస్టులు ముందస్తు అనుమతి లేకుండా తమ ఆదాయాన్ని దేశం వెలుపల ఖర్చు చేస్తే ఆ మేరకు ఆదాయపు పన్ను మినహాయింపు కోల్పోతాయి. ముస్లిం సంస్థ విషయంలో పన్ను ప్రశ్న ఎంత త్వరగా ఇతర ప్రశ్నలుగా మారుతుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. రెడ్‌క్రాస్, ఐక్యరాజ్యసమితి సంస్థలు, ప్రభుత్వం ప్రకటించిన నిధులు: ఈ మార్గాలు చాలు. శుక్రవారం నమాజు తర్వాత జోలె పట్టి, రసీదు లేకుండా పోగుచేసే పద్ధతి మానాలి. ఇచ్చినవారికీ, అందవలసినవారికీ అది అన్యాయమే.

అయితే పునర్నిర్మాణం అంతా సరిహద్దు ఆవలే జరగదు. అఫ్ఘానిస్తాన్‌లో మన సరిహద్దు రహదారుల సంస్థ జరంజ్ నుండి దెలారామ్ వరకు 200 కిలోమీటర్లకు పైగా రహదారి నిర్మించింది. ఆ పనిలో భారతీయులు, అఫ్ఘన్లు ప్రాణాలు కోల్పోయారు. 2016లో హెరాత్ వద్ద సల్మా ఆనకట్ట ప్రారంభమైంది. ఆ ఆనకట్టలను, రహదారులను రేపు నడపవలసిన అఫ్ఘన్ యువత కొందరు ఉపకార వేతనాలపై మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే చదివారు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ వశమైన రోజుల్లో వారు ఇంటికి వెళ్లలేక, ఇక్కడ ఉండలేక పడిన వేదనను హైదరాబాదు చూసింది. పరాయి దేశపు విద్యార్థికి గది అద్దెకివ్వడానికి వెనుకాడే ఇంటి యజమానులలో మనవారూ ఉన్నారు. పేరు చూసి అద్దె నిరాకరించడం ఎలా ఉంటుందో తెలిసిన సమాజం మనది.

రానున్న డిసెంబరు 7లోగా ప్రతి మస్జిద్ కమిటీ తన జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఒక లేఖ రాయాలని, తమ మండలంలో సహాయం అందవలసిన సైనిక కుటుంబాలు ఏవో తెలుసుకోవాలని కోరుతున్నాము. లేఖ ప్రతిని, వచ్చిన జవాబును మాకు పంపితే, జవాబు రాకపోతే ఆ సంగతినీ, ఈ పత్రికలో ప్రచురిస్తాము.