రెండెందుకు తీసేయాలి?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఏ మూల చూసినా ఎవరో ఒకరు ఏదో ఒక పరీక్షకు చదువుతూనే ఉంటారు. అశోక్ నగర్ గదుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అల్లా నాలుగేళ్లు గ్రూప్సు రాసి, ఇక చాలనుకుని, సీసీఎన్‌ఏ అనే కంప్యూటర్ నెట్‌వర్కుల పరీక్షకు దిగాడు మా పక్కవాటా కుర్రవాడు. ఫీజుకు వాళ్ల నాన్నగారు పీఎఫ్ లోంచి తీశారు. రెండోసారి కట్టే తాహతు ఆ ఇంటికి లేదు.

కుర్రవాడేమో పట్టికలు వల్లెవేస్తున్నాడు: "అరవైనాలుగులో రెండు పోతే అరవైరెండు!"

"ఎందుకు పోవాలి నాయనా?" అన్నాను.

"అది సూత్రం మాస్టారూ!"

తెలుగు మాస్టారికి ఈ గొడవ ఎందుకంటారా? గురులఘువులు తెలిసినవాడికి ఒకటీ సున్నా కొత్తవి కావు. మూడక్షరాలకు గణాలు ఎనిమిదే ఎందుకు? మూడు రెండ్లను హెచ్చవేస్తే ఎనిమిది గనక! ఐపీవీ4 చిరునామాలో అల్లాంటి అక్షరాలు 32. ఎనిమిదేసి చొప్పున నాలుగు పాదాలు. ముందువి కొన్ని వీధికి, తక్కినవి ఇంటికి. ఆ విరుపు చూపేదే మాస్కు. వీధి ఉన్నంతమేరా ఒకట్లు, ఆపైన సున్నలు. 255.255.255.192 అంటే, చివరి పాదంలో రెండు ఒకట్లు, ఆరు సున్నలు. ఆరు రెండ్లు హెచ్చవేస్తే 64. కనుక వీధులు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి.

192.168.1.130 ఉన్నది 128వ వీధిలో. 190 దాని వీధివాడే, ఉత్తరం చేత్తో ఇచ్చి రావచ్చు. 120 దగ్గరగానే కనిపిస్తుంది గాని, వీధి వేరు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి ఉత్తరం వేసినట్టు, పోస్టాఫీసు మీదుగా పోవలసిందే. ఆ పోస్టాఫీసే రూటరు.

ఇక ఆ రెండూ! మొదటి అంకె 128 వీధి పేరు. పేరులో ఎవరూ కాపురం ఉండరు. చివరిదైన 191 దండోరా. వీధివారందరికీ ఒక్కసారే వినిపించడానికి. మిగిలిన ఇళ్లు 62.

కారణం తెలిస్తే మరో లాభం ఉంది. రెండే యంత్రాలను కలిపే తీగకు రెండే చిరునామాలున్న వీధి చాలునని 2000లో నియమం సడలించారు. వల్లెవేసినవాడు అక్కడా రెండు తీసేసి, సున్న ఇళ్లని రాసి వస్తాడు. ఇద్దరే ఉన్నచోట దండోరా ఎవరికండీ?