ఆ తాళి ఎన్నో ఏట పడింది?

తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ అధ్యక్షురాలికి,

పాలమూరు నుంచి రాస్తున్నాను. 2023 జూన్‌లో హైదరాబాద్ సంతోష్ నగర్‌లోని ఒక మహిళా డిగ్రీ కాలేజీలో బుర్ఖా తీస్తేనే పరీక్ష రాయనిస్తామన్నారని విద్యార్థినులు చెప్పారు. దాని మీద మాట్లాడుతూ అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ ఆడవాళ్లు ఒళ్లు వీలైనంత కప్పుకోవాలన్నారు. ఒకరు తీయమన్నారు, ఒకరు కప్పుకొమ్మన్నారు. ఆ పిల్లల ఇష్టం ఇద్దరి మాటల్లోనూ లేదు.

పక్కనున్న కర్ణాటకలో తరగతి గదిలో హిజాబ్ మీద ఇలాంటి గొడవే 2022లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పిచ్చారు. అమ్మాయి ఇష్టానికి, ఆమె చదువుకు విలువిచ్చిన జస్టిస్ సుధాంశు ధులియా వైపే నేను. తానే కోరి తలకు గుడ్డ చుట్టుకున్న పిల్లను గేటు దగ్గర ఆపకూడదు. ఇంట్లోవాళ్లు బెదిరించి చుట్టిస్తే, ఆ పిల్ల పక్షాన నిలబడాల్సిందీ మీరే.

అదే కొలత పట్టుకొని నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు రండి. ఇక్కడ ఎల్లమ్మ పేర, పోతరాజు పేర దళిత ఆడపిల్లలకు తాళి కట్టి జోగినులను చేశారు. పిల్లకు జబ్బు చేసిందనో, జుట్టు జడలు కట్టిందనో, ఇంట్లో కొడుకు లేడనో మొక్కు. ఆ తాళి, ముఖాన పసుపు, నొసట పెద్ద బొట్టు చూసి ఊరి మగవాళ్లకు ధైర్యం వచ్చేది: ఈమె దేవుడి భార్య, అడిగే మొగుడు లేడు. జాతరలో ఆడాలి, శవం ముందూ ఆడాలి. పుట్టిన బిడ్డకు బడిలో తండ్రి పేరు అడిగితే తల వంచుకోవాలి.

"ఆమె భక్తితో కట్టుకుంది" అంటారు. వయసు మళ్లిన జోగిని ఇది నా ఇష్టమే అంటే ఆమె మాటను నేను కొట్టిపారేయను. ఎల్లమ్మ మీద నమ్మకం ఆమె సొంతం. కానీ ఆ తాళి ఎన్నో ఏట పడింది? ఇవాళ తెంపేస్తే ఊళ్లో బతకనిస్తారా? బుర్ఖా గురించి అడగాల్సినవీ ఈ రెండు ప్రశ్నలే.

నిజామాబాద్ జిల్లా వర్నిలో హేమలతా లవణం వంటివాళ్లు జోగినుల మధ్య పనిచేశారు. ఇలా అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. కన్నవాళ్లే బిడ్డను అంకితమిస్తే ఐదేళ్ల దాకా జైలు. కన్నవాళ్ల మీద కేసు పెట్టిన పిల్ల ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో చట్టం చెప్పలేదు. అందుకే ఠాణా దాకా రావడానికి భయం.

జాతరలకు ముందే రండి. సర్పంచిని, పెద్దమనుషులను పక్కన పెట్టుకోకుండా జోగినులతో విడిగా కూర్చోండి. తాళి తీసేస్తానన్న మనిషికి ఇల్లు, భూమి, పింఛను ఇప్పించండి. తీయనన్న మనిషికీ అవే ఇప్పించండి.