కొండదారి పందెం

బండెద్దు సత్తా ఎక్కుడుదారిలో తెలిసినట్లే, కారు సత్తా కొండమీద తెలుస్తుంది. ఇంగ్లీషువారు షెల్స్‌లీ వాల్ష్ అనేచోట వెయ్యి గజాల ఏటవాలు దారిమీద 1905లోనే కార్ల పందాలు మొదలుపెట్టారు. అమెరికావారు ఊరుకుంటారా? కొలరాడోలో పైక్స్ పీక్ అనే పర్వతం ఉన్నది. దానిమీదికి 1916లో పందెం పెట్టారు. దారి పొడవు సుమారు 20 కిలోమీటర్లు, మలుపులు 156, శిఖరం ఎత్తు 4,300 మీటర్లు.

ఇన్నేళ్ళూ అక్కడ పెట్రోలు కార్లదే రాజ్యం. 2015లో మొట్టమొదటిసారిగా ఒక విద్యుత్ కారు అందరినీ మించి గెలిచింది. 2018 జూన్‌లో రొమాఁ డ్యూమా అనే ఫ్రెంచివాడు ఫోక్స్‌వాగన్ కంపెనీ విద్యుత్ కారులో 7 నిమిషాల 57 సెకన్లకు శిఖరం చేరుకున్నాడు. ఎనిమిది నిమిషాల లోపల ఆ కొండ ఎక్కిన మొదటి మనిషి అతనే.

ఇందులో మాయ లేదు. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. పెట్రోలు ఇంజనుకు మనలాగే ఊపిరి కావాలి. అంత ఎత్తున దానికీ ఆయాసమే. బ్యాటరీకి గాలితో నిమిత్తం లేదు. పైగా విద్యుత్ మోటారు నిలుచున్న చోటునుంచే పూర్తి బలంతో లాగుతుంది. మలుపు మలుపుకూ గేరు మార్చే అవస్థ తప్పుతుంది.

ఇప్పుడు మన కొండకు వద్దాం. అలిపిరినుంచి తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. రెండవది 1974లో వచ్చింది. ఇప్పుడు ఎక్కడానికి కొత్తదారి, దిగడానికి పాతదారి. ఒక్కొక్కటి 18, 19 కిలోమీటర్లు. అంటే దూరంలో పైక్స్ పీక్‌కూ మనకూ ఆట్టే తేడా లేదు. తేడా అంతా పద్ధతిలో ఉన్నది. మన కొండమీద ముందు చేరినవాడికి బహుమతి లేదు సరిగదా, జరిమానా ఉన్నది! ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తక్కువ కాకూడదని దేవస్థానంవారు నియమం పెట్టారు. బయలుదేరిన వేళ చీటీమీద ఉంటుంది. తొందరపడి వచ్చినవాడు రెండోకొసన దొరికిపోతాడు. ఎంత నిదానంగా వస్తే అంత గౌరవమన్నమాట. లోకంలో ఇలాంటి పందెం మరొకటి ఉందో లేదో గాని, ఉండవలసిన పందెం మాత్రం ఇదే.

ఈ దారిమీదికి 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల వేళ, ఆర్టీసీ విద్యుత్ బస్సులు వచ్చాయి. వాటికి అయ్యే ఖర్చెంతో ఇంటిలెక్కలో చూద్దాం. మనుషులతో కలిపి బస్సు బరువు 14 టన్నులనుకోండి, ఎక్కే ఎత్తు 700 మీటర్లనుకోండి. ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికి రమారమి 27 యూనిట్లు కావాలి. మన ఇంట్లో 75 వాట్ల ఫాను పదిహేను రోజులు రాత్రింబవళ్ళు తిరిగితే అయ్యే కరెంటు అది. రాపిడికీ ఎదురుగాలికీ అయ్యేది వేరే.

చమత్కారమంతా దిగేటప్పుడున్నది. డీజిలు బస్సు దిగుతున్నప్పుడు బ్రేకులు కాలిన కమురువాసన ఎరగని తిరుపతివాడు లేడు. ఎక్కడానికి ఖర్చుపెట్టిన శక్తిలో చాలాభాగం అలా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. విద్యుత్ బస్సులో దిగేటప్పుడు మోటారే డైనమోగా మారి బండిని నిలవరిస్తూ, కొంత కరెంటు తిరిగి బ్యాటరీలో వేస్తుంది. ఇచ్చిన అప్పులో కొంతైనా ఇంటికి తిరిగివచ్చినట్లు.

అయితే మోటారు మారినంత మాత్రాన కొండ మారదు. 2023 మేలో దిగుదారి మలుపులో ఒక విద్యుత్ బస్సే బోల్తాపడి కొందరు గాయపడ్డారు. చక్రం పట్టిన చెయ్యి, దారి చూసే కన్ను ఎప్పటికీ మనిషివే. అదే ఏడాది సెప్టెంబరులో ఒక ఘనుడు కొండమీది ఉచిత విద్యుత్ బస్సును దొంగిలించుకుపోయాడు. నాయుడుపేట దగ్గర ఛార్జి అయిపోయి, బస్సును దారిలో వదిలి పారిపోయాడు! దొంగకైనా లెక్క తెలియాలి గదా.

పొగ మాటకూడా నిజాయితీగా చెప్పుకోవాలి. శేషాచలం అడవిలో తగ్గిన పొగ ముద్దనూరు దగ్గర బొగ్గు కాల్చే విద్యుత్కేంద్రం గొట్టంలోంచి రావచ్చు. సీమలో ఎండకూ గాలికీ కొదవలేదు. కరెంటు వాటినుంచి వచ్చినకొద్దీ ఈ నింద తొలగుతుంది. అప్పటివరకు కూడా, మోకాళ్ళ పర్వతం దగ్గర చంటిబిడ్డ నెత్తుకుని మెట్లెక్కే తల్లి ముఖానికి పొగ తగలకపోవడం చిన్న లాభం కాదు.

కాని అసలు చిక్కు బస్సులతో కాదు, మనతో. కొత్త కారు కొనగానే దాన్ని కొండమీదికి తీసుకువెళ్ళి బొట్టు పెట్టించాలని ప్రతి సంసారికీ ముచ్చటే. నలుగురికొక కారు చొప్పున ఎక్కితే, అది పెట్రోలుదైనా కరెంటుదైనా, ఆ మలుపుల్లో కిక్కిరిసేది ఒకటే. ఒక్క బస్సులో పది కార్లమంది పడతారు. కొత్త కారుకు అలిపిరిలో పాదాల మండపం దగ్గరే దణ్ణం పెట్టించి, అక్కడే నిలిపి, పిల్లలతో బస్సెక్కండి. పైక్స్ పీక్ వీరుడి కంటె ఇరవై నిమిషాలో, ఇంకాస్త ఎక్కువో ఆలస్యంగా చేరుతారు, అంతేగదా. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడికి ఆ ఇరవై నిమిషాలూ అడవి కనబడుతుంది.